ఎదురు బరువు లేని లిఫ్టు

శంషాబాద్,
జూన్ 10

తమ్ముడు శివశంకర్‌ను దీవించి అక్క రేణుకమ్మ రాసేది.

ఫోన్ చేస్తే నువ్వు ఊఁ కొట్టడం తప్ప ఇంకేం చేయవు. నిన్న అంతసేపు నేనే మాట్లాడాను. చివరికి "సరే అక్కా, పెట్టేస్తున్న" అన్నావు. మా మరదలు సునీత ఉన్నప్పుడు నీ మాటలు కూడా తనే మాట్లాడేది. తను పోయాక నీ సంగతులు నాకు చెప్పేవాళ్లు లేరు. అందుకే కాగితం తీసుకున్నాను. అంగన్‌వాడీలో పిల్లలకు అఆలు దిద్దించిన చెయ్యి, రాయడం మర్చిపోలేదు. షాద్‌నగర్ బస్సు కండక్టర్ జీవన్ ఒకప్పుడు మీ బావ నడిపిన బస్సులో పనిచేసినవాడే. ఈ ఉత్తరమూ, టిఫిన్ డబ్బా అతనే తెచ్చిస్తాడు. ఖాళీ డబ్బాలో జవాబు పెట్టి పంపు. జవాబు లేకుండా డబ్బా వస్తే, మళ్ళీ డబ్బా రాదు.

నువ్వు లిఫ్టు నిలబెట్టి పోయి వారమైంది. మీ బావ ఇంతవరకు అందులో కాలు పెట్టలేదు. కుడికాలు పడిపోయినప్పటి నుంచి ముందుగదే ఆయన లోకం. పోయిన ఏడాది మేడ మీద వ్రతం చేసుకున్నప్పుడు నలుగురు కుర్చీతో సహా ఎత్తుకొని తీసుకుపోయారు, గుర్తుందా? కిందికి వచ్చాక నాతో మెల్లగా అన్నాడు. "నలుగురు మోసుడు మనిషికి ఒక్కసారే ఉండాలె రేణుకా. గా ఒక్కటి ఇప్పుడే వాడుకున్న." ఆ తర్వాత మేడ పేరు ఎత్తలేదు. పొద్దుగూకేటప్పుడు మేడ మీద కూర్చొని చాయ్ తాగకపోతే ముద్ద దిగని మనిషి. ఆయన తనంత తాను మేడెక్కాలనే కదా నిన్ను లిఫ్టు పెట్టమన్నాను.

ఇప్పుడు పక్కింటి యాదయ్య ఒక పుల్ల వేశాడు. పెద్ద లిఫ్టుల్లో ఎదురు బరువు ఉంటుందట, దీనికి లేదట. మీ బావకు అది దొరికింది. వచ్చినవాళ్లందరికీ అదే చెబుతున్నాడు. "మా బామ్మర్ది లిఫ్టుకు తక్కెడల ఒక్క తట్టే పెట్టిండు. రెండో తట్ట ఎనుక పంపిస్తడట!"

ఎందుకు పెట్టలేదో రాయి. పోయేటప్పుడు అన్నం తినకుండా ఎందుకు పోయావో కూడా రాయి.

అక్క

*

షాద్‌నగర్,
జూన్ 13

అక్కకు దండాలు.

డబ్బా అందింది. గోంగూర బాగుంది. గది కిరాయి కట్టాను. ఫ్యాక్టరీలో సరుకు లిఫ్టుకు పట్టాలు బిగిస్తున్నాము. నిన్న వాన పడలేదు, ఇవాళ పడింది.

యాదయ్య చెప్పింది నిజమే. పెద్ద లిఫ్టులో తాడు చక్రం మీదుగా పోయి అవతల ఇనుప బరువుకు కట్టి ఉంటుంది. ఇటు గది, అటు బరువు. రెండువైపులా లాగుతుంటాయి కాబట్టి తాడు బిగువు తప్పదు. మీ మెట్ల పక్క సందులో గది పట్టడమే కష్టమైంది, బరువుకు చోటు లేదు. అందుకని మేడ మీద మోటారుతో తిరిగే డ్రమ్ము పెట్టి జంట తాడును దానికి చుట్టాను. పతంగి చరఖాకు మాంజా చుట్టినట్టు. ఎక్కేటప్పుడు చుట్టుకుంటుంది, దిగేటప్పుడు విడుతుంది.

ఇలాంటి లిఫ్టులో తాడును బిగువుగా ఉంచేది గది బరువు ఒక్కటే. మాంజా వదులైతే చరఖా మీద ఎట్లా చిక్కుపడుతుందో నీకు తెలుసు. ఇక్కడా అంతే. తాడు వదులు కాకుండా చూసుకుంటే చాలు. దానికి చెయ్యాల్సింది చేశాను.

అన్నం సంగతి. బస్సు వచ్చింది.

శివశంకర్

*

శంషాబాద్,
ఆగస్టు 4

తమ్ముడూ,

ఉత్తరం రాయమంటే రోజువారీ లెక్క రాసి పంపుతున్నావు. వాన పడిందా లేదా అనేది నాకు తెలుసు, మనం ఒక్క ఆకాశం కిందే ఉన్నాం. నువ్వు తిన్నావా, పడుకున్నావా, ఎవరితోనైనా నవ్వావా? అది రాయి.

ఇక్కడ నీ లిఫ్టు ఇజ్జత్ తీసింది. లిఫ్టు పైన ఉన్నప్పుడు దాని కింద చల్లగా, ఖాళీగా ఉంటుంది. అంత చోటు ఉత్తగా ఎవరు వదిలేస్తారు? ఉల్లిగడ్డల బస్తా పెట్టాను. మేడ మీద ఆరిన బట్టలన్నీ లిఫ్టులో వేసి కిందికి పంపితే, నేలకు ఇంకా మూరెడు ఉండగానే టక్కుమని ఆగింది. ఏ బటన్ నొక్కినా కదలలేదు. మీ బావ ముందుగదిలోంచే మొదలుపెట్టాడు. "బండి ఫెయిలైంది, దిగుండ్రి దిగుండ్రి! టికెట్ పైసలు వాపస్ లేవు!" యాదయ్య వచ్చాడు, యాదయ్య భార్య దుర్గవ్వ వచ్చింది. బట్టలకు టికెట్ ఎంత అని ఒకరు, ఉల్లిగడ్డలకు ఆఫ్ టికెట్టా అని ఒకరు. నాకు నవ్వు రాలేదు. నువ్వు అన్ని రోజులు చెమటలో నానిన పని కదా.

ఇగ మీ బావ ఎక్కడు. "ఉల్లిగడ్డలకే ఆగింది, నాకేం పోతది?" అంటున్నాడు.

అక్క

*

షాద్‌నగర్,
ఆగస్టు 7

అక్కకు దండాలు.

తిన్నాను. పడుకున్నాను. ఉల్లిగడ్డలకు ఆఫ్ టికెట్టు దగ్గర నవ్వాను.

లిఫ్టు ఆగలేదు. ఆపింది. ఈ తేడా బావకు చెప్పు.

మేడ మీద ఇనుప పెట్టెలో డ్రమ్ము ఉంది కదా. దాని కింద చిన్న మీట ఉంటుంది. దాని కొసకు ఒక గిలక, తాడుకు ఆనుకొని ఉంటుంది. తాడు బిగువుగా ఉన్నంతసేపు ఆ తాడే మీటను పైకి నెట్టి ఉంచుతుంది. తాడు వదులైతే మీట కిందికి పడుతుంది. పడగానే కరెంటు పోతుంది. మేము దాన్ని వదులు మీట అంటాము.

మొన్న గది వచ్చి ఉల్లిగడ్డల మీద కూర్చుంది. దాని బరువు బస్తా మీదికి పోయింది, తాడు వదులైంది. మీట లేకపోతే ఏమయ్యేదో రాస్తాను. గది కూర్చున్న సంగతి మోటారుకు తెలియదు. అది తిరుగుతూనే ఉంటుంది, తాడు విడుస్తూనే ఉంటుంది. తర్వాత బస్తా నలిగినా, జారినా, విడిచిన తాడు ఎంత ఉంటే అంత గది ఒక్కసారిగా పడుతుంది. లోపల మనిషి ఉంటే దెబ్బ తగులుతుంది. ఆ చిన్న మీటే మిమ్మల్ని కాపాడింది.

బావకు ఆయన భాషలో చెప్పు. బస్సు ట్యాంకులో గాలి దిగిపోతే బ్రేకులు వాటంతట అవే పట్టేసి బండి నిలిచిపోతుంది. అది బండి చెడిపోవడం కాదు. ఇదీ అంతే.

లిఫ్టు కింద ఏమీ పెట్టవద్దు. కొత్తిమీర కట్ట కూడా.

శివశంకర్

*

శంషాబాద్,
సెప్టెంబరు 14

తమ్ముడూ,

నీ ఉత్తరం నేను చదివి చెప్పబోతే మీ బావ చేతిలోంచి లాక్కున్నాడు. రెండుసార్లు చదివాడు. గాలి దిగిన బస్సు దగ్గర ఆగిపోయి గోడకేసి చూశాడు. సాయంత్రం యాదయ్య వచ్చి, "ఏం పెంటయ్యన్నా, బండి రిపేరైందా?" అన్నాడు. మీ బావ ఏమన్నాడో తెలుసా? "గాలి దిగితే బండి ఆగాలె. ఆగకపోతే భయపడాలె. నీకు సైకిల్ తప్ప ఏం ఎరుక?" నాకు లోపల ఎంత చల్లగా అయిందో.

అసలు సంగతి ఇది. దసరా నాడు మేడ ఎక్కుతానంటున్నాడు. దసరాకు పాలపిట్టను చూడకుండా ఒక్క ఏడూ ఉండలేదు ఆయన. డ్యూటీ ఉన్న ఏళ్లలో కూడా తొండుపల్లి దాటాక బస్సు ఓరగా ఆపి, ప్యాసింజర్లందరికీ చూపించేవాడట. కాలు పడిపోయాక రెండు దసరాలు కిటికీలోంచి కాకులనే చూశాడు. ఈసారి మేడ మీది నుంచి చూస్తాడట. ఎవరూ మోయకుండా, తానే లిఫ్టు ఎక్కి, తానే బటన్ నొక్కి. రాత్రి అన్నం తినేటప్పుడు అడిగాడు. "పండుగకు బామ్మర్ది వస్తడా? వస్తే పక్కన నిలబడుమను. ముట్టొద్దు, నిలబడుమను."

రా. ఈ ఒక్కసారి ఊఁ అనకుండా వస్తానని రాయి.

అక్క

*

షాద్‌నగర్,
సెప్టెంబరు 18

అక్కకు దండాలు.

దసరాకు ఫ్యాక్టరీ బందు. మిషన్లు ఆగేది అప్పుడే కాబట్టి మా పని అప్పుడే ఉంటుంది. రాలేను. మేస్త్రీని రెండుసార్లు అడిగాను.

జీవన్ చేతికి గ్రీజు డబ్బా పంపుతున్నాను. పోయిన నెల నేను వచ్చినప్పుడు బావ నిద్రలో ఉన్నాడు, లేపలేదు. లిఫ్టు మళ్ళీ నడిపించి, తాళ్లు చూశాను. బాగున్నాయి. పండుగకు ముందు యాదయ్యతో డ్రమ్ముకు కొంచెం గ్రీజు రాయించు.

బావను మొదటిసారి ఒక్కడినే పంపు. పక్కన ఎవరైనా ఉంటే ఆయన ధైర్యం వాళ్ల కోసం అవుతుంది.

శివశంకర్

*

శంషాబాద్,
అక్టోబరు 5

తమ్ముడూ,

పండుగ బాగా అయింది. జమ్మి ఆకు పంపుతున్నాను, బంగారం అనుకొని తీసుకో. చిన్నవాడివి, నువ్వు నా కాళ్లు మొక్కాలి. దూరంగా ఉన్నావు కాబట్టి డబ్బాకు మొక్కు.

మీ బావ ఎక్కాడు. తెల్లచొక్కా వేసుకొని, తల దువ్వుకొని, ఒక్కడే. నేను కింద నిలబడి తాడు పోతున్న చప్పుడే విన్నాను. పైకి చేరాక, "రేణుకా, స్టేజీ వచ్చింది!" అని బస్సు స్టాపులో అరిచినట్టు అరిచాడు. చాలాసేపు కూర్చున్నాడు. పాలపిట్ట రాలేదు. "పిట్ట రాలేదు గని దుబాయి విమానం వచ్చింది. దానికే మొక్కిన" అన్నాడు. గొంతు పాతకాలం గొంతులాగుంది.

ఇప్పుడు రెండు రోజులుగా లిఫ్టుకు విశ్రాంతి ఇచ్చాం. కరెంటు సరిగ్గా ఉండటం లేదు. తొందరపడి రావద్దు. నీ పని చూసుకో. మేం బాగున్నాం.

డబ్బాలో గుమ్మడికాయ పులుసు ఉంది. చాలా గుమ్మడికాయ మిగిలింది.

అక్క

*

షాద్‌నగర్,
అక్టోబరు 6

అక్కా,

నువ్వు నన్ను తొందరపడి రావద్దని ఎప్పుడూ అనలేదు.

జమ్మి ఆకులకు పసుపు దారం చుట్టి పంపావు. దారానికి నల్ల గ్రీజు ఉంది. నేను పంపిన గ్రీజే. అది డ్రమ్ము దగ్గర తప్ప ఇంట్లో ఎక్కడా ఉండదు. దారం ముడి దగ్గర కత్తితో కోసినట్టు ఉంది. ఆ దారం మొదట దేనికి కట్టావు?

ఫోన్ చేశాను. బావ ఎత్తాడు. "అందరం మంచిగున్నం బామ్మర్ది, నువ్వెట్లున్నవ్?" అన్నాడు. బావ నన్ను ఎట్లా ఉన్నావని అడగడు.

లిఫ్టు పడినప్పుడు అందులో బావ ఉన్నాడా? ఆ ఒక్క మాట రాయి.

ఎవరూ మెయిన్ వెయ్యవద్దు. గదిలోకి, గది కిందికి ఎవరూ పోవద్దు. ఆదివారం సెలవు దొరికింది, వస్తాను. లిఫ్టు విప్పి తీసేస్తాను. మనిషిని పడేసే వస్తువు ఆ ఇంట్లో నా చేతితో ఉండకూడదు.

శివశంకర్

*

శంషాబాద్,
అక్టోబరు 7

తమ్ముడూ,

ఉన్నాడు. లిఫ్టులో ఉన్నాడు. మోచెయ్యి కొట్టుకుపోయింది. దవాఖానకు తీసుకుపోయాం, ఫొటో తీశారు, ఎముక విరగలేదు. కట్టు కట్టారు. ముందు ఇది చదివి నీళ్లు తాగు, తర్వాత మిగతాది చదువు.

పండుగ నాడు పొద్దున్నే మెట్లెక్కి పోయి మిషన్‌కు పూజ చేశాను. కుంకుమ పెట్టాను. పెట్టె తెరిచి చూస్తే నువ్వు రాసిన ఆ చిన్న మీట కనిపించింది. ఆ చిన్న మీటే మిమ్మల్ని కాపాడింది అని రాశావు కదా. ఇంత ఇనుములో అంత చిన్నగా, తాడును పట్టుకొని ఉన్న పిల్లలాగా ఉంది. అన్నిటికీ బొట్టు పెట్టి, దానికి మాత్రం పసుపు దారం కట్టాను. చల్లగా ఉండాలని. పక్కనున్న ఇనుప బద్దకు కలిపి గట్టిగా మూడు ముళ్లు వేశాను. నాకేం తెలుసు తమ్ముడూ, అది పడితేనే కాపాడుతుందని?

మీ బావ పైకి పోయాక మేడ మీది నుంచి ఒకటే కేక. డిపోలో ఆయుధ పూజ అంటే బస్సు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు కదా. "లిఫ్టుకు టైర్లు లేవు, నిమ్మకాయ చిన్నగైతది, గుమ్మడికాయ పెట్టు! నేను దిగుకుంట తొక్కిస్త!" కింద ఏమీ పెట్టవద్దని నువ్వు రాశావని అన్నాను. "గా మాట సామాన్లకు. ఇది పూజ" అన్నాడు. నాకూ నిజమేననిపించింది. పీట మీద ముదురు గుమ్మడికాయ పెట్టాను. రాయిలాగా ఉంది.

గది వచ్చి దాని మీద కూర్చుంది. మోటారు ఆగలేదు. పైన చప్పుడు తిరుగుతూనే ఉంది. మీ బావ, "ఏంది, స్టేజీ వచ్చిందా?" అని అడుగుతున్నాడు. అప్పుడే కాయ పగిలింది. జానెడో, ఇంకొంచెమో పడింది. ఇల్లంతా దద్దరిల్లింది. గోడ నిండా గింజలు. నేను ఉరికి లోపలికి చూసేసరికి ఒక్క క్షణం పట్టింది. ఆ ఒక్క క్షణంలో నేను ఎన్నిసార్లు చచ్చానో.

పైకి పోయి చూస్తే తాళ్లు ఉంగరాలు ఉంగరాలుగా వేలాడుతున్నాయి. దారం కోసేసి కొంగున ముడేసుకున్నాను. పూజ దారం పారేయబుద్ధి కాలేదు. నీ జమ్మికి చుట్టాను. దొంగతనం కూడా సరిగ్గా చేతకాదు నాకు.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది మీ బావే. ఎందుకో ఆయన్నే రాయమన్నాను. కింద ఉన్నది ఆయన రాత.

అక్క

బామ్మర్దీ,

ఎడమచేతితోని రాస్తున్న, సదువుకో. నీకు చెప్తే లిఫ్టు పీకుతవని నాకు ఎరుకే. అందుకే వద్దన్న. నేను ముప్పై ఏండ్లు బస్సు నడిపిన. బ్రేకును దారంతోని కట్టేసి, రోడ్డు మీద బండ పెట్టి, బండి మంచిది కాదంటే డిపోల నన్ను నిలబెట్టి నవ్వుతరు. తప్పు బండిది కాదు, డ్రైవర్‌ది. ఆ రోజు డ్రైవర్ నేనే.

రెండేండ్ల సంది నేను ఎక్కడికన్న పోవాలంటే ఎవలో ఒకలు నన్ను పట్టుకున్నరు. గా పొద్దు మేడ మీదికి నేనే పోయిన. గాలి మొహానికి తగిలింది. పడ్డ సంగతి నాకు యాదికి లేదు, ఎక్కిన సంగతి ఉంది.

పాన తెచ్చుకో, విప్పేటందుకు కాదు, బిగించేటందుకు. ఎదురు బరువు లేదని నేను నవ్విన. ఇగ నవ్వ. పిట్ట ఇంక రాలేదు. ఆదివారం రా.

పెంటయ్య

*

శంషాబాద్,
అక్టోబరు 16

తమ్ముడూ,

ఆదివారం వచ్చావు. పొద్దంతా ఇనుములో తల పెట్టావు. కొత్త తాళ్లు వేశావు. మీటకు చెయ్యి తగలకుండా జాలీ డబ్బా వేశావు. గది అడుగున ఒక రేకు వేలాడదీసి, ఏది తగిలినా ఆగిపోతుందన్నావు. నా ముందరే దాని కింద కొత్తిమీర కట్ట పట్టుకొని చూపించావు. ఆగింది. నన్ను ఎక్కిరించావని నాకు తెలుసు. బియ్యం బస్తాలు ఎక్కించి దించావు. తర్వాత నువ్వే ఎక్కి దిగావు. అప్పుడు మీ బావ, "ఇగ జరుగు" అని నిన్ను ఒక మూలకు నెట్టి తాను ఎక్కాడు. ఇద్దరూ పైకి పోయారు.

చాయ్ పోసి పంపుదామని చూస్తే ఎంతకూ లిఫ్టు దిగదు. వీధి దీపాలు వెలిగాయి. మీ ఇద్దరి మాట వినిపించలేదు. దిగాక మీ బావను అడిగితే, "గట్లనే, బండ్ల ముచ్చట" అన్నాడు. నువ్వు రెండుసార్లు అన్నం పెట్టించుకొని తిన్నావు. అది చాలు నాకు. అయినా అడుగుతున్నాను. ఏం మాట్లాడుకున్నారు?

ఈ రోజు సాయంత్రం ఆయన ఒక్కడే పోయాడు. నేను కింద నిలబడలేదు, వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్నాను. తాడు చప్పుడు విన్నాను. తాలింపు మాడలేదు.

అక్క

*

షాద్‌నగర్,
అక్టోబరు 19

అక్కకు దండాలు.

డబ్బా అందింది. పప్పు మాడలేదు.

పైన ఏమీ మాట్లాడలేదు. బావ కుర్చీ పక్కన పిట్టగోడ చూపించి, "జర గిట్ల కూసో" అన్నాడు. కూర్చున్నాను. విమానాలు దిగుతుంటే ఏ ఊరి నుంచి వస్తున్నదో బావ చెప్పాడు. తెలిసి చెప్పాడో, తోచింది చెప్పాడో నాకు తెలియదు. నేను ఊఁ కొట్టాను. చీకటి పడే ముందు కరెంటు తీగ మీద ఒక పిట్ట వాలింది. రంగు సరిగ్గా కనిపించలేదు. బావ పాలపిట్టే అన్నాడు. నేను కాదనలేదు. ఇద్దరం మొక్కాము. కిందికి వచ్చాక నీకు చెప్పొద్దన్నాడు. నీకు ఒట్లు ఆగవు కాబట్టి నేనే చెబుతున్నాను.

పైన, పిట్టకు మొక్కాక, బావ ఒక మాట అన్నాడు. "సునీత ఉంటే ఈపాటికి మనిద్దరినీ తిట్టుకుంట చాయ్ తెచ్చేది." నేను అవునన్నాను. ఆ పేరు పైకి వినక చాలా రోజులైంది.

ఇక్కడి పని వచ్చే నెలతో అయిపోతుంది. తర్వాత శంషాబాద్‌లోనే పని చూసుకుంటాను. జవాబు పెట్టకపోయినా డబ్బా పంపేంత దగ్గరలో.

ఇంకొకటి. మేడ మీద పెట్టె తలుపుకు బయటవైపు ఒక కొక్కెం వెల్డింగ్ చేశాను. నువ్వు చూసి ఉండవు. మిషన్‌లో కదిలే ఏ భాగానికీ అది తగలదు. వచ్చే దసరాకు దారం దానికి కట్టు. నీ ఇష్టం, ఎన్ని ముళ్లైనా వెయ్యి. నేను పక్కన నిలబడతాను. ముట్టను.

తమ్ముడు
శివశంకర్